నా వైపు పెడల్

3, సోమవారం

వంతెన ఎక్కేటప్పుడు మామ్మ ఆయాసపడింది. మా కారుకి ఆ పేరు పెట్టినవాళ్ళు నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు, పేరు మాత్రం నాకు వదిలేశారు. సగం ఎక్కాక ఇంజను అరుపు పెరిగింది, బండి వేగం మాత్రం పెరగలేదు. వెనకాల లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. క్లచ్ జారుతోంది. ఇరవై ఆరేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నవాడికి ఆ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు.

స్టీరింగు దగ్గర ఉన్నది మా ఆవిడ. ఇంకెవరైనా అయితే అక్కడికక్కడే చీవాట్లు పెట్టేవాణ్ణి.

పోయిన శుక్రవారం ఆవిడ వేసిన బాంబు గురించి రాసుకోలేదు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకే నర్సు వెళ్ళి చూసివచ్చే పని ఒకటి ఆవిడ ఆసుపత్రిలో కొత్తగా పెట్టారు. కారు వాళ్ళే ఇస్తారు, డ్రైవరుని ఇవ్వరు. లైసెన్సు ఉన్న నర్సుకే ఆ పని. వచ్చే నెల ఒకటో తేదీన మొదలు. ఆవిడ పేరు ఇచ్చేసింది, లెర్నర్స్ లైసెన్సు తెచ్చేసుకుంది, ఇరవై ఏడున టెస్టుకి తేదీ కూడా వేయించుకుంది. అన్నీ అయ్యాక, అన్నం వడ్డిస్తూ నాకు చెప్పింది. "ఇరవై రెండేళ్ళు ఒకే వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచానండీ. ఇంక కాస్త బయట తిరుగుతాను" అంది.

ఊళ్ళో సగం మందికి నేర్పినవాణ్ణి, పెళ్ళానికి నేర్పలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరట్లో ఆ చెట్టుని నేనే.

5, బుధవారం

ప్రతివాళ్ళకీ మొదట్లో చెప్పే మాటే ఈరోజు ఆవిడకీ చెప్పాను. గేరు పడ్డాక క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసెయ్యాలి, అదేం కాళ్ళు పెట్టుకునే పీట కాదు, కాలు ఆనిస్తే లోపల ప్లేటు అరుగుతుంది అని.

తీశానంది. ఐదు నిమిషాలకి మార్కెట్టు ఎత్తులో మళ్ళీ జారింది. మళ్ళీ చెప్పాను. తీశానండీ అంది. నేను వాదించలేదు. భార్యకి నేర్పేటప్పుడు ఓర్పు ముఖ్యమని అందరికీ చెప్పేది నేనే.

అది తప్ప మిగతా అంతా బాగుంది. ఆవిడ చేతులు వణకవు. ఇంజెక్షన్లు ఇచ్చిన చేతులు కదా.

6, గురువారం

మళ్ళీ జారింది. తీశాననే అంటుంది.

8, శనివారం

పాఠం అయ్యాక ఇద్దరం చెవి డాక్టరు షెడ్డుకి వెళ్ళాం. ఆ మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవరు ఇంజను మీద ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని వింటాడు, అందుకని ఆ పేరు. హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరు వేసి క్లచ్ వదిలాడు. బాగున్న బండి అయితే ఠక్కున ఆగిపోవాలి. మామ్మ మూలిగి మూలిగి ఆగింది.

ప్లేటు అరిగిందిగానీ చావలేదన్నాడు. ఈ పాత మోడలుకి ప్లేటు ఎక్కడినుంచో తెప్పించాలి, వచ్చేసరికి నెల దాటుతుంది. ఈలోగా కేబుల్ సరిచేసి పంపించాడు. ఎవరూ కాలు ఆనించకుండా నడిపితే నెలాఖరు దాకా లాగుతుందట, ఆనిస్తే పది రోజులకి రోడ్డు మీద కూర్చుంటుందట.

విన్నావా అన్నట్టు ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోడ మీద క్యాలెండరులో ఇరవై ఏడు ఏ వారమో చూసుకుంటోంది.

ఇంకో స్కూలు కారు అడగచ్చు. కానీ చేతికి అలవాటైన బండి టెస్టు ముందు మార్చకూడదు. అదీగాక, ఊళ్ళో మిగతా రెండు స్కూళ్ళవాళ్ళు ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగడమంటే నా తల తీసి మొలేసినట్టే.

9, ఆదివారం

సెలవు. కాఫీ తాగుతూ చూస్తే, ఆవిడ భోజనాల కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర మూడు గిన్నెల మూతలు వరసగా పెట్టుకుంది. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్. స్టీరింగు స్థానంలో చేట. ఎడమకాలితో మూత నొక్కడం, గాలిలో గేరు మార్చడం, కాలు తీసి పక్కన నేల మీద పెట్టడం. ఇరవై నిమిషాలు అలాగే. పిలిస్తే సిగ్గుపడుతుందని నేను తలుపు పక్కనే నిలబడి కాఫీ చల్లారేదాకా చూశాను. పెళ్ళయిన కొత్తల్లో కూడా ఆవిణ్ణి ఇంతసేపు చూసి ఉండను.

ప్రతిసారీ కాలు తీసి పక్కన పెట్టింది. మూత మీదైతే తియ్యడం తేలికే.

11, మంగళవారం

వింత. చెవి డాక్టరు తానొక్కడే మామ్మని తీసుకుని వంతెన దాకా వెళ్ళివచ్చాడు. ఎక్కడా జారలేదన్నాడు. వెంటనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో వెళ్ళాడు. జారింది.

"నేనొక్కణ్ణే తోలితే పట్టుకుంటోంది మాస్టారూ, మీరు కూర్చుంటే జారుతోంది" అని, నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

ఆ చూపు నాకు అర్థమైంది. తిరిగి వస్తూ మందుల షాపులో బరువు చూసుకున్నాను. ఎనభై నాలుగు. ఈ వయసుకి ఎక్కువే. రేపటి నుంచి కాఫీలో చక్కెర బంద్.

మందుల షాపాయన కూడా నా దగ్గర నేర్చుకున్నవాడే. మొదటిసారే పాసయ్యాడు. అందరూ నా దగ్గర మొదటిసారే పాసవుతారు. కొత్త కారు కొన్నాడుగానీ అది నాలుగేళ్ళుగా ముసుగు కప్పుకుని షాపు వెనకే ఉంది. మీరు పక్కన లేకపోతే బండి నా మాట వినదు మాస్టారూ అంటాడు. ఇంత అభిమానం ఎవరు చూపిస్తారు?

12, బుధవారం

చక్కెర లేని కాఫీ మనుషులు తాగేది కాదు. బండి అలాగే జారుతోంది.

14, శుక్రవారం

ఈరోజు పాఠానికి చెవి డాక్టరు తానూ వస్తానన్నాడు. వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంజను చప్పుడు వింటాడనుకున్నాను. మార్కెట్టు ఎత్తు, వంతెన, కాలవ మలుపు, అన్నీ తిరిగాం. రెండుచోట్ల జారింది. ఆయన రెండు సీట్ల మధ్యనుంచి కిందకి వంగి చూస్తూనే ఉన్నాడు.

షెడ్డు దగ్గర ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మగారి కాలు ఎక్కడుండాలో అక్కడే ఉంది. మీ కాలు సంగతి చూసుకోండి మాస్టారూ."

నా కాలా? స్కూలు కారు కాబట్టి నేర్పేవాడి సీటు దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి.

"మీ వైపు క్లచ్ మీదే ఉంది, ఎక్కినప్పటినుంచీ. రెండు పెడళ్ళకీ ఒకటే కడ్డీ కదా. మీరు ఇటు ఆనిస్తే అక్కడ ప్లేటు సగమే పట్టుకుంటుంది."

ఆవిడ వచ్చేసింది. ఏమన్నాడని అడిగింది. ఆయిలు మార్చాలట అన్నాను.

15, శనివారం

చెవి డాక్టరుకి చెవులే మంచివి, కళ్ళు కావు. ఇరవై ఆరేళ్ళుగా కాలు తియ్యమని ఊరందరికీ చెప్పినవాణ్ణి నేను.

16, ఆదివారం

సెలవైనా పాఠం పెట్టాను. బయల్దేరేముందు ఆవిడ చూడకుండా నా వైపు క్లచ్ పెడల్ మీద సుద్దముక్క బాగా రుద్దాను. ఎడమకాలిని నేల మీదే ఉంచుతానని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు గుర్తు చేసుకున్నాను కూడా. నేల మీదే ఉందనిపించింది.

ఇంటికొచ్చి చెప్పు తిరగేశాను. అడుగంతా తెలుపు.

పెరట్లో చాలాసేపు కూర్చున్నాను. ఈ పని మొదలుపెట్టిన నెలలో ఒకాయన బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. స్కూలు గోడకి జానెడు దూరంలో ఆగాం. గోడ అవతల పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ రోజు పెడల్ ఎక్కిన కాలు మళ్ళీ దిగలేదేమో. నాకు తెలియలేదు. ఇది డైరీ కాబట్టి రాస్తున్నాను, నిజంగా తెలియలేదు.

ఆవిడ లోపలి నుంచి చెప్పు పట్టుకుని ఏం చేస్తున్నారని అడిగింది. మేకు గుచ్చుకుందేమో చూస్తున్నానన్నాను.

17, సోమవారం

పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. బ్రేకు ఉంచు, నా వైపు క్లచ్ కడ్డీ ఊడదీసెయ్యి అన్నాను. చెవి డాక్టరు ఎందుకని అడగలేదు. నవ్వలేదు కూడా. మంచివాడు. కడ్డీని పాత గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు. దాన్ని పెట్టెలో దాచాను.

ఆవిడకి తర్వాత చెప్పచ్చు. తనంతట తానే బాగా నడిపిందని సంతోషపడితే పడనీ. ఇప్పుడు చెప్పి మనసు చెదరగొట్టడమెందుకు?

18, మంగళవారం

తొమ్మిదిసార్లు ఆగిపోయింది. రాసుకుంటుంటేనే చెయ్యి రావడం లేదు. తొమ్మిది.

నేను కలలో కూడా అనుకోలేదు. పదిహేను రోజులుగా ఆవిడ కాలి కింద సగం దిగిన పెడలే ఉంది. నేను నొక్కి ఉంచింది. ఆవిడ నేర్చుకున్నది ఆ సగం పెడలే. ఈరోజు పూర్తి పెడల్ పైకి లేచేసరికి కాలికి ఎత్తు అందలేదు, బరువు అందలేదు. బండి గెంతడం, ఆగడం. కాలవ మలుపులో మా వెనక ఆరు బళ్ళు ఆగాయి. మొదట్లో నవ్వుతూ మళ్ళీ స్టార్ట్ చేసింది. ఆరోసారి నవ్వలేదు. ఎనిమిదోసారికి పెదవి కొరుక్కుంది.

ఏం మారిందండీ అని అడిగింది. కేబుల్ బిగించాడు అన్నాను.

ఇంటి దగ్గర దిగాక, ఈ వయసులో నాకిది రాదేమోనండీ అంది. వాళ్ళకి ముందే చెప్పేస్తే ఇంకో నర్సుని చూసుకుంటారేమో అని కూడా అంది. గొంతు మామూలుగానే ఉంది. కానీ వార్డు నుంచి ఎంత అలిసి వచ్చినా ఆవిడ మెట్ల మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

19, బుధవారం

చెప్పలేదు. ఏడుసార్లు ఆగింది.

20, గురువారం

పొద్దున ఆవిడ ఆసుపత్రికి రాయాలని కాగితం, కలం తీసింది. పేరు వెనక్కి తీసుకుంటానని రాయబోతోంది. అప్పుడిక ఆగలేకపోయాను. పెట్టెలోంచి కడ్డీ తెచ్చి కాగితం మీద పెట్టాను. అన్నీ చెప్పాను. వెనక సీట్లో చెవి డాక్టరు, సుద్ద, చెప్పు, ఆయిలు మార్చాలన్న అబద్ధం. నీకు రాకపోవడం కాదు, నిన్ను ఒక్కరోజు కూడా నేను నడపనివ్వలేదు అన్నాను.

ఆవిడ కడ్డీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్ళూ కాలు తియ్యి, కాలు తియ్యి అని నన్నే అన్నారు."

అవునన్నాను.

"తీశానంటే నమ్మలేదు. నాకే అనుమానం వచ్చేసిందండీ, తీశానా లేదా అని. నా కాలు ఎక్కడుందో నాకే తెలియకుండా చేశారు."

తిట్టినా బాగుండేది. స్నానం చేసి, క్యారేజీ కట్టుకుని, నడిచి డ్యూటీకి వెళ్ళిపోయింది. దించుతానన్నాను, వద్దంది. కాగితం మాత్రం ఖాళీగానే వదిలేసింది.

21, శుక్రవారం

మాటల్లేవు. అన్నం పెడుతోంది. అడిగినదానికి ఊ అంటోంది.

సాయంత్రం మందుల షాపుకి వెళ్ళాను. నీ కారు ముసుగు ఎందుకు తియ్యవు, నిజం చెప్పు అన్నాను. మొహమాటపడ్డాడు. తర్వాత చెప్పాడు. పాసైన మర్నాడు ఒక్కడే బయటికి తీశాడట, వీధి చివర నాలుగుసార్లు ఆగిపోయిందట. మీ పక్కనైతే వెన్నలా పోయేది మాస్టారూ, తప్పు నాదే అన్నాడు.

తప్పు నీది కాదు, సోమవారం ఉదయం ఏడింటికి వస్తాను, నీ కారులోనే కూర్చుంటాను, అందులో నా వైపు పెడళ్ళు ఉండవు అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. నాది వెలగలేదు. మొదటిసారే పాసైనవాళ్ళలో ఇంకెంతమంది ఇలా ముసుగులు కప్పుకుని ఉన్నారో.

22, శనివారం

పొద్దున చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "రండి, ఐదు రోజులుంది" అంది ఆవిడ. అంతే. నేను చొక్కా గుండీలు మెట్ల మీదే పెట్టుకున్నాను.

ఒక షరతు. కుడికాలు బ్రేకు దగ్గర ఉండచ్చు. ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకోవాలి. సగం బాసింపట్టు. దారిలో పోయేవాళ్ళు నన్ను చూసి ఏమనుకున్నారో దేవుడికి తెలియాలి. అలా కూర్చుని చూస్తే ఆ కాలు మాటిమాటికీ కదలబోయేది. నా చెయ్యే దాన్ని పట్టుకుంది.

నాలుగుసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ తానే స్టార్ట్ చేసుకుంది. నేను నోరు విప్పలేదు. నోరు కూడా ఒక పెడలేనని ఈమధ్యే తెలిసింది.

23, ఆదివారం

రెండుసార్లు. కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసి ఇచ్చింది.

24, సోమవారం

ఏడింటికి మందుల షాపాయన కారు ముసుగు తీశాం. లోపల బల్లి కాపురం పెట్టింది. బ్యాటరీ చచ్చిపోయింది. తోసి స్టార్ట్ చేశాం. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. ఈరోజుకి అది చాలు.

మా ఆవిడ సున్నా సార్లు. సున్నా.

25, మంగళవారం

ఇంత సంబరం మంచిది కాదని తెలుస్తూనే ఉంది. వంతెన మీద మామ్మ జారింది. నా కాలు మడిచే ఉంది, ఆవిడ కాలు నేల మీదే ఉంది. అంటే ప్లేటు నిజంగానే అయిపోవచ్చింది. ఇన్నేళ్ళూ నేను అరగదీసింది ఇప్పుడు ఎవరూ ముట్టుకోకపోయినా జారుతోంది. ఎల్లుండి టెస్టులో ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించాలి. అక్కడ జారి వెనక్కి దొర్లితే ఫెయిల్. మళ్ళీ తేదీ దొరికేసరికి ఒకటో తేదీ దాటిపోతుంది, పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అలా జారినప్పుడు అందరూ యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు. నేనూ తొక్కుతాను.

వంతెన మీద ఆవిడ తొక్కలేదు. యాక్సిలరేటర్ సగానికి వదిలేసింది. ఇంజను గోల తగ్గింది, ప్లేటు పట్టుకుంది, బండి చీమలా పైకి పాకింది. ఎలా తెలిసిందని అడిగాను.

"పెద్దవాళ్ళని మంచం మీద నుంచి లేపేటప్పుడు గుంజితే లేవరండీ. కాస్త ఆగితే వాళ్ళే మన చెయ్యి పట్టుకుంటారు" అంది.

ఇరవై ఆరేళ్ళలో ఈ పాఠం నేనెవరికీ చెప్పలేదు. నాకు తెలియదు కాబట్టి.

26, బుధవారం

మామ్మని కడిగాం. ఇద్దరమూ.

27, గురువారం

ఇన్నేళ్ళూ టెస్టులో కూడా పక్కన నేనే కూర్చునేవాణ్ణి, ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో. ఈసారి నా సీట్లో ఆయన కూర్చున్నాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఎత్తు గోడ వెనక ఉంటుంది, గేటు దగ్గరికి కనబడదు, వినబడుతుంది. మామ్మ ఆగడం వినబడింది. తర్వాత చప్పుడు లేదు. నా ఎడమకాలు మట్టిలో గుంట చేసిందని తర్వాత చూశాను. ఇంజను గొంతు లేచింది, ఇంకా లేచింది, నా గుండె జారింది. అంతలో ఆ గొంతు తగ్గింది. బుజ్జగించినట్టు తగ్గింది. ఆపైన టైర్ల కింద కంకర కదిలిన చప్పుడు, దూరంగా, పైకి.

తిరిగి వచ్చాక ఇన్‌స్పెక్టరు దిగి కాగితం మీద సంతకం పెట్టి ఆవిడకిచ్చాడు. పాస్. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి మందలించాడు. "క్లచ్ అరిగిపోయిన బండి పంపిస్తారా మాస్టారూ? ఆవిడ కాబట్టి ఎక్కించింది." తల వంచుకుని సరేనన్నాను. తిట్టు తిని ఇంత సంతోషపడింది ఇదే మొదలు.

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచుకుంది. ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. ఎల్లుండి కొలతకి వెళ్ళాలి, బయటి డ్యూటీకి బట్టలు వేరే ఇస్తారు అంది. నాకే కళ్ళు మండాయి. దుమ్ము అన్నాను. ఇప్పుడిక అబద్ధాలెందుకు, దుమ్ము కాదు.

ఇంటికి బయల్దేరుతూ అలవాటు ప్రకారం ముందు తలుపు తీశాను. "వెనక కూర్చోండి" అంది. వెనక కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఉన్న కారు, ఆ సీటు ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. అక్కడి నుంచి రోడ్డు కనబడదు. కిటికీలో చెట్ల పైకొమ్మలు, మేడల పిట్టగోడలు, ఆరేసిన బట్టలు వెళ్తుంటాయి. మార్కెట్టు దాకా గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి బండి మా ఇంటి ముందు, గోడ నీడలో ఆగి ఉంది. ఎండ తగలకుండా నా వైపు కిటికీకి ఆవిడ తువ్వాలు కట్టి ఉంది, రెండో వైపు అద్దం దించి ఉంది. ముందు సీట్లో ఎవరూ లేరు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వస్తోంది. కదిలే కారులో నేను నిద్రపోయాను. కాసేపు అలాగే పడుకున్నాను.